ఇంటి మెకానిక్: డబ్బా వెనకవైపు చదవండి

గత సంచికలో మిక్సీ బ్రష్షుల గురించి వ్రాస్తూ, ఈసారి ప్రెషర్ కుక్కర్ల సంగతి చూద్దామని మాట ఇచ్చాను. అక్కచెల్లెళ్ళు మన్నించాలి. కుక్కర్లు ఇంకో మూడు నెలలు ఆగక తప్పదు. ముళబాగిలు దగ్గర మా అక్కయ్య తోటలో జరిగిన సంగతి ముందు చెప్పాలి.

మా మేనల్లుడు నిరుడు, మూతబడిన ఒక రిసార్టువారి దగ్గర పాత ఏ.టి.వి. ఒకటి కొన్నాడు. చూడనివారి కోసం చెబుతాను: మోటారు సైకిలు ఇంజను, మోటారు సైకిలు హ్యాండిలు, కింద నాలుగు లావాటి చక్రాలు. బురదలోనూ దున్నిన చేలోనూ పోతుంది. టమోటా కాలంలో వెనక చిన్న ట్రాలీ తగిలించి పెట్టెలు రోడ్డు దాకా చేరుస్తాడు. ఒకరోజు ఎనిమిది పెట్టెలు, అంటే పెట్టెకు 15 కిలోల చొప్పున 120 కిలోలు వేసుకుని చెరువు కట్ట ఎక్కుతున్నాడు. సాయంత్రం ఫోను వచ్చింది.

"మామా, ఇంజను అరస్తా ఉంది, బండి మాత్రం ముందుకు పోవడంలే. వెనక్కి జారిపాయ. నేను దూకేస్తిని."

ట్రాలీ తిరగబడింది. వాడి చీలమండ బెణికింది. బండి వాడి మీద పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అక్కయ్య ఆ బండి అమ్మేసేదాకా అన్నం ముట్టనని కూర్చుంది.

మర్నాడు కె.జి.ఎఫ్. నుంచి బేతమంగళం మీదుగా బస్సెక్కి వెళ్ళాను. "ఆయిలు ఏం పోశావురా?" అంటే, "మంచిదే మామా! కారుకు పోయగా మిగిలింది. రేటు కూడా ఎక్కువే" అన్నాడు.

తప్పు అక్కడే ఉంది. మామూలు గేర్ల కారులో ఇంజనుకు ఒక ఆయిలు, గేరుబాక్సుకు వేరే ఆయిలు. క్లచ్ పొడిగా ఉంటుంది. మోటారు సైకిళ్ళలోనూ, చాలా ఏ.టి.వి.లలోనూ అలా కాదు. ఒకే ఆయిలు ఇంజనులోనూ గేర్లలోనూ తిరుగుతుంది, క్లచ్ ప్లేట్లు కూడా అందులోనే మునిగి ఉంటాయి. పెట్రోలు ఆదా కోసం ఈనాటి కారు ఆయిళ్ళలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఇంజనుకు అవి మేలే. కాని క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకునేదే రాపిడి వల్ల. అది పోతే ఇంజను అరుస్తుంది, బండి జారుతుంది. ధర ఎక్కువైనంత మాత్రాన సరైన ఆయిలు కాదు సుమా!

అందుకని డబ్బా ముందున్న బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పండి. జపానువారు 1998లో పెట్టిన 'జాసో' గుర్తు కోసం వెతకండి. ఎం.ఎ., ఎం.ఎ.1, ఎం.ఎ.2 అని ఉంటే తడి క్లచ్‌కు పనికొస్తుంది. ఎం.బి. అని ఉంటే రాపిడి తక్కువ రకం; మన ఇళ్ళలోని గేరులేని స్కూటర్ల వంటివాటికి. గుండ్రటి ముద్రలో 'రిసోర్స్ కన్సర్వింగ్' అని కనబడితే, బండి పుస్తకం ఒప్పుకుంటే తప్ప ముట్టుకోవద్దు.

తరువాత అంకెలు. 10 డబ్ల్యు 40లో డబ్ల్యు అంటే వింటరు. మొదటి అంకె చలిలో ఆయిలు ఎంత సులువుగా కదులుతుందో, రెండోది ఇంజను వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మన కోలారు చలికి మొదటి అంకె గురించి అంత బెంగ లేదు. కెనడాలో ఉన్న పిల్లలు మాత్రం 0 గాని 5 గాని వాడవలసి రావచ్చు. ఎక్కడున్నా పుస్తకంలో ఉన్నదే ప్రమాణం.

ఇక చూసే పద్ధతి. మావాడు బండిని ఏటవాలు పాకలో నిలబెట్టి డిప్‌స్టిక్ చూసేవాడట! చదునైన నేల మీద నిలపాలి. నాలుగైదు నిమిషాలు ఇంజను నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. కడ్డీ తుడిచి మళ్ళీ పెట్టాలి. కొన్ని బండ్లలో మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, కొన్నిట్లో బిగించాలి, పుస్తకం చూడండి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. ఎక్కువ పోస్తే నురగ కడుతుంది, ఎయిర్ ఫిల్టరులోకి తన్నుతుంది. ఆయిలు నల్లబడితే భయం లేదు. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళు చేరాయన్నమాట. కుంటలో దింపి తోలేవారికి ఇది మామూలే. పోయకుండానే మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే ఇంజను స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

మా నాన్నగారు గనిలో వైండింగ్ ఇంజనుకు ఆయిలు పోసేవారు. చుక్క తీసి రెండు వేళ్ళ మధ్య రాసి చూసేవారు, గరగర తగులుతుందేమోనని. మన ఊరివాళ్ళకు ఆ పరీక్ష మరీ అవసరం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డా సైనైడ్ దిబ్బలు అలాగే ఉన్నాయి. బంగారం తీశాక మిగిలిన పలుగురాయి పిండి అది. గని కార్మికులకు సిలికోసిస్ తెచ్చింది ఈ జాతి ధూళే. గాలికాలంలో అది ఎయిర్ ఫిల్టరు దాటి ఆయిల్లో కలిస్తే పిస్టను రింగులను ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. అటువైపు బండ్లు తోలే కుర్రాళ్ళు ఫిల్టరు త్వరత్వరగా శుభ్రం చేసుకోవాలి. ఆయిలు కూడా పుస్తకం చెప్పిన గంటలకంటే ముందే మార్చాలి.

మావాడి బండికి ఆయిలు మార్చినా జారుడు తగ్గలేదు. చివరికి క్లచ్ ప్లేట్లు మార్చవలసి వచ్చింది. తీసిన పాత ఆయిలు బావి పక్కన పారబోయబోతుంటే అక్కయ్యే కేకేసింది, "ఆ నీళ్ళు నువ్వు తాగుతావా?" అని. డబ్బాలో పట్టి గ్యారేజీవాళ్ళకు ఇచ్చి వచ్చాడు.

బండి అమ్మలేదు. వాడు కట్ట ఎక్కేముందు "కడ్డీ చూస్తివా?" అని అక్కయ్య వాకిట్లోంచి అడుగుతూనే ఉంది.

వచ్చే సంచికలో కుక్కర్లు, ఖాయంగా. విజిలు రాక ఇబ్బంది పడేవారు ముందుగా సంఘం ఆఫీసుకు ఒక ఉత్తరం ముక్క వ్రాయండి.