క్రొత్త ఫోనులు – పాత తీగెలు

ఫోను మార్చినప్పుడెల్ల ఇంటిలోని తీగెలన్నియు చెత్తబుట్ట పాలు కావలయునట! ఇది అభివృద్ధి యని వ్యాపారులు చాటుచున్నారు. మేమంగీకరింపజాలము.

2016లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 7 నుండి 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోను రంధ్రమును తొలగించెను. పెక్కు కంపెనీలు ఆ దారినే పట్టినవి. 2020లో ఐఫోన్ 12 పెట్టెలో ఛార్జరును సయితము మానివేసి, దానికి పర్యావరణ రక్షణ యని పేరు పెట్టిరి.

టైప్-సి వచ్చినది గదా, ఇక బాధ యేమి అందురు. రంధ్రమొక్కటే, లోపలి నడవడి వేరు. కొన్ని ఫోనులు శబ్దమును నేరుగా పంపును. తక్కినవి అంకెల రూపముననే పంపును. కనుక మార్పిడి చిప్పు లేని చౌక అడాప్టరు ఒక ఫోనున పలికి, వేరొకదానిలో మూగవోవును. పైకి రెండును ఒక్కటే. పెట్టెపై ఆ ముక్క అచ్చు వేయుటకు వారికి సిరా కరవైనదా?

అన్నిటికంటె మనకు తగిలిన దెబ్బ వేరు. ఇయర్‌ఫోను తీగెయే ఫోనులోని ఎఫ్.ఎం. రేడియోకు ఏరియలు. పెక్కు ఫోనులలో రంధ్రముతోపాటే రేడియోయు పోయినది. సరిహద్దు తాలూకాలలో ఇంటర్నెట్టు ఖర్చు లేకుండ తెలుగు మాట వినుచున్న మన పెద్దలకిది చిన్న నష్టమా? ఎఫ్.ఎం. ఉంచుడని కేంద్ర ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో కంపెనీలకు చెప్పినది. అది సలహాయే గాని చట్టము కాదు.

ఫోను కొనబోవు సభ్యులు పాత తీగెలను వెంట గొనిపోయి, దుకాణములోనే తగిలించి, పలికిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు.