కేసు షీటులో లేని గడి

2021 మే నెలలో మా మేనమామ ఒక ప్రభుత్వాసుపత్రిలో కన్నుమూశారు. ఆయన ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికుడు; మాదిగ. కేసు షీటులో నేను చదివింది ఇంతే: వయసు 58, మధుమేహం, రక్తపోటు, చేరేనాటికి ఆక్సిజన్ 76 శాతం. అన్నీ నిజాలే. జ్వరం వచ్చాక కూడా ఐదు రోజులు ఆయన చీపురు ఎందుకు వదల్లేదో మాత్రం అందులో లేదు. పనికి రాని రోజుకు జీతం కోత. నాలుగు రోజులు రాకపోతే జాబితాలో పేరే ఉండదన్న భయం.

ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగుల మరణముప్పును అంచనా వేయడానికి బ్రిటన్ పరిశోధకులు 2020లో '4సీ' స్కోరును రూపొందించారు. వయసు, లింగం, ఇతర దీర్ఘవ్యాధుల సంఖ్య, శ్వాసవేగం, ఆక్సిజన్ స్థాయి, స్పృహ, రక్తంలో యూరియా, సీఆర్‌పీ: కొలమానాలు ఈ ఎనిమిదే. మంచం పక్కన నిలబడిన వైద్యుడికి అవి పనికొస్తాయి. కానీ ఆక్సిజన్ అంతగా పడిపోయేదాకా ఆ మనిషి ఎందుకు రాలేకపోయాడన్నది సమాజం వేసుకోవలసిన ప్రశ్న.

ఇంగ్లండ్‌లో 1.7 కోట్లకు పైగా వయోజనుల ఆరోగ్య రికార్డులను పరిశీలించిన ఓపెన్‌సేఫ్లీ అధ్యయనం, వయసును, వ్యాధులను, పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా నల్లజాతీయులకు, దక్షిణాసియా సంతతివారికి కోవిడ్ మరణముప్పు ఎక్కువేనని తేల్చింది. రికార్డుల్లో జాతి వివరం ఉంది గనుకే అది తేలింది. మన మరణ నమోదు పత్రం మతాన్ని అడుగుతుంది, కులాన్ని అడగదు. వైరస్‌కు కులం లేదన్న మాట నిజమే. వీధి ఊడ్చే పనికి, ఇరుకు వాడకు, సెలవు లేని కొలువుకు కులం ఉంది.

ఆసుపత్రిలో కులం అడిగితే చికిత్సలోనే వివక్ష చూపుతారన్న భయం ఉంది. అది అకారణమని నేననను. అందుకే ఆ వివరం కేసు షీటులో ఉండకూడదు. రోగి సమ్మతితో, వైద్యుడి కంటపడని ప్రత్యేక గణాంక పత్రంలో కులం, వృత్తి, లక్షణాలు మొదలైన తేదీ, చేరిన తేదీ నమోదు కావాలి. పేర్లు తొలగించి, మరణాల లెక్కతో జోడించి ఏటా ప్రకటించాలి.

జనగణనలో కులగణనకు 2025 ఏప్రిల్ 30న కేంద్రం అంగీకరించింది. బతికున్నవారిని కులాలవారీగా లెక్కించబోతున్న రాజ్యం, ఎవరు ముందుగా చనిపోతున్నారో లెక్కించడానికి ఎందుకు వెనుకాడాలి? మా మామ మరణానికి మధుమేహం ఒక కారణం. పనిలో గడిచిన ఆ ఐదు రోజులు మరొక కారణం. దాన్ని రాసుకోవడానికీ ఒక గడి కావాలి.