చప్పట్లు చాలవు

2020 మార్చి 22 సాయంత్రం మనమందరం గుమ్మాల్లో నిలబడి వైద్య సిబ్బందికి చప్పట్లు కొట్టాము. సరిగ్గా రెండేళ్లకు, 2022 మార్చి చివర, వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి ఐసీయూలో రోగిని ఎలుకలు కొరికాయి. సూపరింటెండెంటును బదిలీ చేశారు. ఇద్దరు వైద్యులను సస్పెండ్ చేశారు. ఎలుకలు పట్టే విద్య ఏ వైద్య కళాశాలలో నేర్పుతారో నాకు తెలియదు!

ఇప్పుడు సిబ్బందికి సానుకూల మనస్తత్వ శాస్త్రం బోధించాలంటున్నారు. మంచిదే. అయితే 1998లో దానికి ఊపిరి పోసిన మార్టిన్ సెలిగ్‌మన్ మనిషిలోని బలాలను గుర్తించి పెంచమన్నాడు. బాధను దాచుకుని నవ్వమనలేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ‘బర్నౌట్’ను వ్యాధుల్లో చేర్చలేదు, అదుపు చేయని పని ఒత్తిడి ఫలితమని నిర్వచించింది. కనుక చికిత్స డ్యూటీ చార్టుతో మొదలుకావాలి.

ఖాళీలు నింపండి. రాత్రి డ్యూటీ చేసినవారికి మర్నాడు విశ్రాంతినివ్వండి. రౌండ్స్‌లో తప్పును పదిమందిలో ఎత్తిచూపే పెద్దలు, మంచి పనిని కూడా పదిమందిలోనే మెచ్చుకోవాలి. ఇవేవీ లేని శిక్షణ, పుండు కడగకుండా కట్టిన కట్టు వంటిది.

పాఠకులారా, ఇది వైద్యుల సొంత గోడు అనుకోకండి. అలసిన చేతిలో మందు మోతాదు తప్పితే, ఆ మంచం మీద ఉండేది మీరో, మీవారో.