తాళపుచెవుల గుత్తి యెవరి చేతిలో?

మన పెద్దలు ఊరు విడిచి పోవునపుడు ఇంటి తాళపుచెవిని నమ్మకమైన పొరుగువారికి అప్పగించి పోయెడివారు. ఆ పొరుగువాడు ఏమరినచో నష్టము ఒక్క యింటితో ఆగిపోయెడిది. నేడు మన పరపతి సంఘములును, పాఠశాలలును, చిన్న వ్యాపార సంస్థలును తమ కంప్యూటర్ల తాళపుచెవులను అప్పగించుచున్నది అట్టి పొరుగువానికి కాదు. వందల సంస్థల తాళపుచెవులను ఒక్క గుత్తిగా కట్టి మొలలో దోపుకొన్న నిర్వహణ సేవాసంస్థలకు అప్పగించుచున్నాము. ఇప్పుడు ఆ సేవాసంస్థలు రాత్రింబవళ్ల కావలిని కృత్రిమ మేధకు ఒప్పగించితిమనియు, ఇక భయము లేదనియు చెప్పుచున్నవి. ఈ మాటలో నిజమెంత, నిశ్చింతకు తావెంత యని మనము విచారింపవలసియున్నది.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2024 జూలై నెలాఖరున మన దేశములోని చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించు సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అను సంస్థపై రాన్సమ్‌వేరు దాడి జరిగెను. కంప్యూటరులోని దస్త్రములకు శత్రువు తన తాళము వేసి, విడిపించుటకు సొమ్మడుగుటయే ఈ దాడి పద్ధతి. చెల్లింపుల జాతీయ సంస్థ ఆ నెల 31వ తేదీన సీ-ఎడ్జ్‌ను తన వ్యవస్థనుండి తాత్కాలికముగా వేరు చేయవలసివచ్చెను. సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపుల సౌకర్యము నిలిచిపోయెను. వాటిలో పెక్కు సహకార బ్యాంకులు, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు. ఆ ఖాతాదారులలో ఎందరు సీ-ఎడ్జ్ అను పేరు అంతకుముందు విని యుందురు?

అంతకు మూడేండ్ల ముందు, 2021 జూలై 2వ తేదీన, అమెరికాలోని కసేయా యను సంస్థవారి సాఫ్ట్‌వేరులో లోపమును కనిపెట్టి రెవిల్ అను దొంగల ముఠా లోనికి చొచ్చెను. సేవాసంస్థలు తమ ఖాతాదారుల కంప్యూటర్లను దూరమునుండి నడుపుటకు వాడుకొను సాధనమది. ముఠా చేజిక్కించుకొన్నది సుమారు 60 సేవాసంస్థలను మాత్రమే. వాటిద్వారా దెబ్బతిన్న సంస్థలు 1500 వరకు నుండెను. స్వీడనులోని కోప్ అను సహకార దుకాణముల వారికి కసేయాతో నేరుగా లావాదేవీయే లేదు. అయినను వారి నగదు యంత్రములను చూచు సంస్థ దానిని వాడుచుండుటచేత సుమారు 800 దుకాణములు మూతపడెను.

ఈ దాడిలో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, దొంగలు వచ్చిన దినము అమెరికా స్వాతంత్ర్య దినోత్సవపు సెలవులకు ముందటి శుక్రవారము. రెండవది, ఆ సాఫ్ట్‌వేరునకు సంబంధించిన ఫోల్డరులను వైరసు నిరోధక సాధనములు తనిఖీ చేయకుండ మినహాయింపవలెనను సూచన మునుపే యుండెను. దొంగలు తమ విషమును అచ్చటనే దింపిరి. ఇంటివారి చుట్టమని కాపరి చూపు మరల్చిన ద్వారముననే దొంగ ప్రవేశించెనన్నమాట.

కృత్రిమ మేధ నిజముగా ఉపకరించునది ఇట్టి తావులలోనే. పాత కాపరి తెలిసిన దొంగల ముఖముల పట్టికను చేతబట్టుకొని వాకిట నిలుచును. పట్టికలో లేనివానిని పోనిచ్చును. ఈ క్రొత్త కాపరి ఇంటివారి నడవడినే నేర్చుకొనును. పగలు పది గంటలకు లెక్కలు వ్రాయు గుమాస్తా పేరున అర్ధరాత్రి రెండు గంటలకు పరదేశమునుండి ఎవరో ప్రవేశించిరా? ఒక్క నిమిషములో వేల దస్త్రముల రూపు మారుచున్నదా? ఇట్టి వైపరీత్యమును పసిగట్టి హెచ్చరించును. దానికి సెలవు లేదు, నిద్ర లేదు. కొలది మంది ఉద్యోగులతో వందల సంస్థలను చూచు సేవాసంస్థకు దినదినము వచ్చిపడు వేల హెచ్చరికలలో ఏది ముఖ్యమో వడపోసి చూపుట సామాన్యమైన సాయము కాదు. దీనిని కాదనువారు మూఢులే.

అయినను మూడు చిక్కులున్నవి. యంత్రము అనుమానించుటయే గాని తీర్పు చెప్పజాలదు. సంవత్సరాంతపు లెక్కలకై గుమాస్తా రాత్రి మేలుకొన్నను అది దొంగతనముగానే తోచవచ్చును. రెండవది, లేఖలను చదివి నిర్ణయించు యంత్రమును ఆ లేఖలో దాచిన మాటలతోనే మోసగించుట సాధ్యమని ఋజువైనది. మూడవది మనకు మిక్కిలి దగ్గరిది. ఇంతకాలము మోసపు లేఖలు వచ్చీరాని భాషలో నుండెడివి. ఆ తప్పుల తడకయే మనకు కాపరి. ఇప్పుడు అదే కృత్రిమ మేధ సాయమున శత్రువు చక్కని తెలుగులోను, కన్నడములోను, ఒడియాలోను వ్రాయగలడు. తెలిసినవారి కంఠమును సైతము అనుకరింపగలడు. 2024లో వెల్లడియైన ఒక మోసమున ఆరప్ అను సంస్థవారి హాంకాంగు ఉద్యోగి, తన పై యధికారుల నకిలీ రూపములను వీడియో సమావేశములో చూచి నిజమని నమ్మి, సుమారు రెండున్నర కోట్ల డాలర్లను పంపివేసెను. బళ్లారిలోనో, బరంపురములోనో, షోలాపురములోనో మాతృభాషలో ఆప్యాయముగా పలుకరించినవానిని మనవాడని నమ్ము అలవాటును మనమిక మానుకొనక తప్పదు.

కావలివాని అధికారము హద్దు మీరిన నేమగునో 2024 జూలై 19 చాటినది. క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన సవరణచేత సుమారు 85 లక్షల కంప్యూటర్లు కుప్పకూలెను. విమానములు నిలిచిపోయెను, ఆసుపత్రులు ఇక్కట్లపాలయ్యెను. అందులో దొంగ లేడు, కృత్రిమ మేధ తప్పును లేదు. ఎల్ల యిండ్లలోనికిని ఒక్కసారిగా ప్రవేశింపగల చేయి పొరపడినది, అంతే. రేపు ఆ చేతికి స్వయంనిర్ణయ శక్తిని జోడించునపుడు ఈ పాఠమును మరువరాదు.

కనుక మా అభిప్రాయమిది: యంత్రమునకు తలుపు బిగించు అధికారమీయవచ్చును, తెరచు అధికారమీయరాదు. అనుమానము కలిగిన కంప్యూటరును తక్షణమే తక్కినవాటినుండి వేరుచేయుట దానికి విడువవచ్చును. పొరపాటైనచో మరల కలుపుకొనవచ్చును గదా. కాని దస్త్రములను తుడిచివేయుట, క్రొత్తవారికి ప్రవేశమిచ్చుట, సొమ్ము కదలించుట, అందరి యంత్రములకు ఒకేసారి మార్పులు పంపుట మొదలగునవి పేరున్న మనుష్యుని అనుమతి లేనిదే జరుగరాదు. సరిదిద్దుకొనరాని పనికి జవాబుదారియైన మనిషి యుండవలెను.

చట్టము సైతము జవాబుదారీతనమును మనమీదనే ఉంచినది. దశలవారీగా అమలునకు వచ్చుచున్న 2023 సంవత్సరపు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము, సభ్యుల వివరములను వేరొకరికి అప్పగించినను బాధ్యత అప్పగించిన సంస్థదే. తగిన రక్షణ లోపించినచో జరిమానా 250 కోట్ల రూపాయల వరకు నుండవచ్చును. దాడిని గుర్తించిన ఆరు గంటలలో తెలియజేయవలెనని సెర్ట్-ఇన్ అను కేంద్ర ప్రభుత్వ సంస్థ 2022 ఏప్రిలులోనే ఆదేశించియున్నది. సేవాసంస్థ చేసిన తప్పని చెప్పి మనము తప్పించుకొన వీలులేదు.

కావున మన సంఘముల కార్యవర్గములు ఒప్పందముపై సంతకము చేయుటకు ముందు కొన్ని ప్రశ్నలడుగవలెను. మా తాళపుచెవి ఎందరి చేతిలో నున్నది? ప్రవేశమునకు సంకేతపదముగాక రెండవ ఋజువు కలదా? మీ యంత్రము తనంతట తాను ఏయే పనులు చేయగలదు? రాత్రి హెచ్చరిక వచ్చిన మేలుకొను మనిషి యెవరు, మా గుమాస్తాకు అర్థమగు భాషలో అతడు మాటాడగలడా? మా దస్త్రముల నకలు మీ చేతికి అందని చోట వేరుగా నున్నదా? ఆ నకలును తిరిగి నిలిపి యెన్నడైన పరీక్షించితిరా?

వీనికి సూటిగా బదులు చెప్పలేని సంస్థ ఎంత గొప్ప కృత్రిమ మేధను చూపినను, గుత్తిని దాని చేతికీయరాదు. పైసా పైసా కూడబెట్టిన సభ్యుని లెక్క అందులో నున్నదని కార్యవర్గములు మరువకుండుగాక.