ఫొటో కింద పేరు ఉండాలి



వరదకో తుపానుకో ఇల్లు వదిలి పునరావాస కేంద్రంలో తలదాచుకున్నవారి ఫొటో కింద ‘వరద బాధితురాలు’ అని రాసి సరిపెట్టడం పత్రికలు మానుకోవాలి. అలాంటి ఫొటోలు వేయవద్దని నా ఉద్దేశం కాదు, తప్పకుండా రావాలి. అయితే ఆమె ఒప్పుకుంటే పేరు, ఊరు, ఆమె నోటి మాట కూడా పక్కనే రావాలి. ఇది మర్యాదకు సంబంధించినదే కాదు, వార్త నిజమా కాదా అన్నదానికీ సంబంధించినది.

ఇందుకో ఉదాహరణ చూడండి. కరవు, ధూళి తుపానులు అమెరికా రైతులను ఊళ్ల నుంచి తరిమిన కాలానికి గుర్తుగా నేటికీ అందరూ చూపించేది ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ తీసిన ‘మైగ్రంట్ మదర్’ ఫొటోనే. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, చలికి బఠాణీ పంట పాడై పని దొరకని కూలీల గుడారాల్లో, ప్రభుత్వ సంస్థ కోసం ఆమె ఆ ఫొటో తీశారు. ఆ తల్లి వయసు 32 అని తెలుసుకున్నారు గానీ పేరు అడగలేదని తర్వాత లాంగే రాశారు. పేరు లేని ఆ ముఖానికి లోకం తనకు తోచిన కథ తగిలించింది. 1978లో ఆమె ఎవరో బయటపడింది: ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్, ఓక్లహోమాలో పుట్టిన చెరోకీ స్త్రీ. ధూళి తుపానులు మొదలవడానికి ఏళ్ల ముందే ఆమె కాలిఫోర్నియాకు వచ్చేశారు. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాసినది నిజం కాదని ఆ కుటుంబం చెప్పింది. అసలు ఆ ఫొటో తీయకపోయి ఉంటే బాగుండేదన్నారు ఫ్లోరెన్స్. నలభై ఏళ్లకు పైగా ప్రపంచమంతా చూసిన ముఖం వెనుక ఉన్న మనిషి ఎవరో లోకానికి తెలియలేదంటే, ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం ఎంత పెద్ద లోపమో చూడండి.

ఆ ఫొటో వల్లే సాయం అందింది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, పత్రికలో అచ్చయ్యాక ఆ శిబిరానికి సుమారు 20,000 పౌండ్ల ఆహారం వెళ్లింది. కానీ అప్పటికే ఫ్లోరెన్స్ కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. పేరు వేస్తే అవమానమనుకునేవారూ ఉంటారన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. దాన్ని నేనూ ఒప్పుకుంటాను. అందుకే ఆ నిర్ణయం ఫొటోలోని మనిషికే వదలాలి. వద్దంటే పేరుతో పాటు ముఖాన్నీ పక్కన పెట్టాలి. ఇక వరద మధ్యలో అంత తీరిక ఎక్కడిదంటారా, అనుమతి అడిగి పేరు రాసుకోవడానికి ఒక్క నిమిషం చాలు.

ఇది సాధ్యమేనని చూపింది కూడా లాంగే. 1939లో ఆర్థికవేత్త పాల్ టేలర్‌తో కలిసి తెచ్చిన ‘యాన్ అమెరికన్ ఎక్సోడస్’ పుస్తకంలో వలస వచ్చినవారు అన్న మాటలనే ఫొటోల పక్కన అచ్చు వేశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినట్టు రేపు మరో ఊరు మునిగినప్పుడు మీ పత్రిక ఈ పద్ధతి పాటించాలని, నీరు తీసిన కొన్ని నెలలకు అవే కుటుంబాల దగ్గరకు మళ్లీ వెళ్లి, ఇల్లు లేచిందా, పరిహారం అందిందా అని రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు