ఇరవై ఎనిమిదో రోజున ఇద్దాం

"అవి ఎయిర్ క్రాక్స్ మాస్టారూ, ఏం కాదు."

ఈ వారం నా ఒళ్ళు మండించిన మాట ఇది. అన్నది రేపల్లెలో ఒక మేస్త్రి. పడ్డది మా తోడల్లుడు, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కొత్త ఇంటికి గేటు దగ్గర్నుంచి పోర్టికో దాకా కాంక్రీటు వేయించాడు. నెల తిరక్కుండానే అడ్డంగా రెండు, ఐమూలగా ఒకటి నెర్రెలిచ్చాయి. మడమతో తడితే ఒకచోట డొల్ల మోత. తాళంచెవితో గీస్తే బూడిదలా పొడి రాలుతోంది. బకెట్ నీళ్ళు కుమ్మరిస్తే వీధిలోకి పోవాల్సిన నీరు మెట్ల కిందికొచ్చి తీరిగ్గా నిలబడింది. ఇవన్నీ చూపిస్తే మేస్త్రి చెప్పిన మందు, "సిమెంటు పాలు పోస్తే సరి."

తప్పు గాలి మీదికి తోసేస్తే ఇక అడిగేదెవర్ని? గాలికి ఫోన్ నంబరు లేదు, అడ్వాన్సు తీసుకోలేదు. అందుకే తెనాలిలో వేసినా, బాపట్లలో వేసినా, రేపల్లెలో వేసినా చీలిన ప్రతి ర్యాంపుకూ ఇదే జవాబు. అసలు కారణం గాలి కాదు, నీళ్ళు. నీళ్ళ గురించి మొదలెడితే నేను ఓ పట్టాన ఆపనని ఈ శీర్షిక చదివేవాళ్ళకు తెలుసు. ఈసారీ ఆపను.

కాంక్రీటుకు ఎన్ని నీళ్ళు పోయాలో ఐఎస్ 456 అనే జాతీయ ప్రమాణం అంకెలేసి మరీ చెప్పింది. ఇప్పుడు నడుస్తున్నది 2000 నాటి కూర్పు. మేస్త్రులు ఒకటి, ఒకటిన్నర, మూడు అని చెప్పే ఎం20 పాళ్ళకు యాభై కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్ల నీళ్ళు. అంతకు మించకూడదు. ఇసుకలో ఉన్న తడి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఇప్పుడు మిల్లరు పక్కన కాసేపు నిలబడి చూడండి. డ్రమ్ములోంచి ముంచి పోసే కుర్రాడికి లీటర్లతో పని లేదు, పైనుంచి "జారుగా రానీ" అనే కేకతోనే పని. జారుగా ఉంటే పారతో లాగేవాడికి నడుము నొప్పి ఉండదు. బద్ద ఒక్కసారి లాగితే అద్దంలా చదునవుతుంది. ఇంటాయన చూసి మురిసిపోతాడు. ఆ ఎక్కువైన నీళ్ళు మాత్రం ఊరుకోవు. సిమెంటును, సన్నటి మట్టిని మోసుకుంటూ పైకి తేలతాయి. ఎండాక పైన మిగిలేది తాళంచెవికి రాలే పెళుసు పొర. లోపల నీళ్ళు ఆరిపోయినచోట సందులు మిగులుతాయి, పలక కుంచించుకుపోతుంది, ఎక్కడో ఒకచోట తెగుతుంది.

పోత అయ్యాక కథ తిరగబడుతుంది. మామూలు సిమెంటైతే కనీసం ఏడు రోజులు, ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటైనా, ఎండా వడగాడ్పూ ఉన్నా కనీసం పది రోజులు తడి ఆరనివ్వొద్దని అదే ప్రమాణం చెబుతోంది. మన కొట్లలో దొరికేది ఎక్కువగా ఆ కలిపిన రకమే, మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. శ్లాబుకైతే మళ్ళు కట్టి నీళ్ళు నిలబెడతాం. వాకిలి కాంక్రీటు కాళ్ళ కింద పడుండేదే కదా అని పొద్దున ఓసారి పైపుతో చిలకరించి వదిలేస్తాం. పోయొద్దన్నప్పుడు డ్రమ్ములకు డ్రమ్ములు పోసి, పోయమన్నప్పుడు చేతులు ముడుచుకునే ఈ విద్య, ఊరి నడిబొడ్డున కృష్ణా కాలువలు పారే తెనాలిలో కూడా నడుస్తోంది!

రేపల్లె వైపు ఇంకో చిక్కుంది. సముద్రం దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్ళలో ఉప్పు పెరుగుతుంది. ఇనుము లేని కాంక్రీటైతే లీటరు నీళ్ళలో 2000 మిల్లీగ్రాముల దాకా క్లోరైడు ఉన్నా ప్రమాణం సరేనంటుంది. ఇనుము ఉంటే 500 దగ్గరే ఆపెయ్యమంటుంది. కారు బరువుకు ఆగాలని లోపల ఇనుప జాలీ వేయించి, నోట్లో పోసుకోలేని బోరు నీళ్ళతో కలిపిస్తే ఆ జాలీ బలం కావడం మానేసి తుప్పుకు విత్తనమవుతుంది. నీళ్ళ ట్యాంకరుకయ్యే ఖర్చు మిగిలిందని సంతోషించేది ఆ ఒక్కరోజే.

కింద నేల సంగతి ఎవరడుగుతున్నారు? మూడు ఊళ్ళవీ మూడు తీర్ల నేలలు, పని మాత్రం ఒకే తీరు. తెనాలి చుట్టూ ఉన్నది నల్లరేగడి. వేసవిలో చెయ్యి దూరేంత బీటలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది. దాని మీద నేరుగా నాలుగంగుళాల కాంక్రీటు పరిస్తే అదెలా నిలుస్తుంది? పై మట్టి అడుగు లోతన్నా తీసి, గ్రావెలో ఇసుకో నింపి, తడిపి దిమ్మిస కొట్టాలి. ఇక కొత్త ప్లాట్లు చాలావరకు నిన్నటి వరిచేలే. మెరక తోలించిన నెలకే ప్రహరీ, మరుసటి నెలకే వాకిలి! తోలిన మట్టి ఒక వానాకాలమన్నా తడిసి కుంగాలని మా తాతల కాలం నుంచి రైతులందరికీ తెలుసు, ఇల్లు కట్టేటప్పుడే మరిచిపోతాం. బాపట్ల వైపు ఇసుక నేల. అక్కడిప్పుడు పేవర్ బ్లాకుల మోజు. అంచుల్లో గట్టి దిమ్మె కట్టకుండా బ్లాకులు పరిస్తే కింది ఇసుక పక్కకు జారిపోతుంది, బ్లాకులు వరుస తప్పుతాయి. వాటికీ 2006లోనే ఐఎస్ 15658 అనే ప్రమాణం వచ్చింది. తేలికపాటి వాహనాలు తిరిగే చోటుకు 60 మిల్లీమీటర్ల మందం, ఎం35 బలం ఉండాలంటుంది. కొట్టువాడు రంగులు చూపిస్తాడు, మనం రంగులే చూస్తాం.

ఇంకొక్క సంగతి. కాంక్రీటు ఎంత బాగా వేసినా కొంత చీలుతుంది. అది ఎక్కడ చీలాలో చెప్పాల్సింది మనం. దాదాపు పదడుగులకోసారి, మందంలో నాలుగో వంతు లోతున గాడి కోస్తే చీలిక బుద్ధిగా ఆ గాడిలోనే వస్తుంది, పైకి కనపడదు. వీధి వైపు వాటం పదడుగులకు రెండున్నర అంగుళాలుంటే నీరు దానంతటదే పోతుంది. ఆ రేపల్లె వాకిట్లో గాడి ఒక్కటీ లేదు, వాటం ఇంటివైపుంది. రసమట్టం మేస్త్రి సంచిలోనే ఉంది, బయటికి తీయలేదంతే.

చేతకాక కాదు. బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. ఆ ఏడాది డిసెంబరు 29న, అప్పటికి ఆ జిల్లాలోదే అయిన కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వైమానిక దళం అత్యవసర రన్‌వేను పరీక్షించింది. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు, అంతా కాంక్రీటే. 2024 మార్చిలో దాని మీద ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దిగి మళ్ళీ లేచాయి. విమానాలు దిగే కాంక్రీటు వేసిన జిల్లాలోనే, చిన్న కారు ఎక్కితే నెర్రెలిచ్చే ర్యాంపులు. తేడా సిమెంటు బస్తాలో లేదు. అలాంటి పెద్ద పనుల్లో పోసేటప్పుడే పచ్చి కాంక్రీటు కొంత తీసి నమూనా ఘనాలుగా పోతపోసి, ఇరవై ఎనిమిదో రోజున యంత్రంలో పెట్టి నలగ్గొట్టి చూస్తారు. అక్కడ కాంట్రాక్టరుకు భయం ఉంది, ఇక్కడ లేదు.

ఇరవై ఎనిమిదే ఎందుకు? కాంక్రీటు బలాన్ని తూచేది ఆ రోజునే కాబట్టి. ఎం20లో 20 అంటే ఇరవై ఎనిమిది రోజుల తర్వాత చదరపు మిల్లీమీటరుకు మోయాల్సిన న్యూటన్లు. ఏడో రోజుకు సుమారు మూడింట రెండొంతుల బలమే వస్తుంది. మరి మనం డబ్బులెప్పుడిస్తున్నాం? నాలుగింటికి పోత ముగుస్తుంది. ఆరింటికి మేస్త్రి కాళ్ళూ చేతులూ కడుక్కుని అరుగు దగ్గర నిలబడతాడు. వేలు పెడితే గుంట పడే పచ్చి కాంక్రీటు పక్కనే నిలబడి పైసలతో సహా లెక్క తేల్చి, పైన టీ డబ్బులిచ్చి పంపిస్తాం. ఆ తర్వాత ఫోను ఎందుకెత్తాలి?

ప్రభుత్వాన్ని మనం తిట్టని రోజుండదు గానీ, ఈ ఒక్క విషయంలో అది మనకంటే తెలివిగలది. కాంట్రాక్టరు బిల్లులోంచి కొంత పట్టి ఉంచుతుంది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకైతే వేసిన కాంట్రాక్టరే అయిదేళ్ళు బాగోగులు చూడాలన్న షరతుంది. మన వాకిలి మేస్త్రి అయిదు వారాలకు కూడా పూచీ పడడు. పడమని మనం అడగం కూడా.

కూలీల డబ్బు ఆపమని నేననను. ఎండలో తట్ట మోసినవాళ్ళకు ఆ సాయంత్రమే ఇవ్వాలి. ఆపమంటున్నది గుత్త తీసుకున్నవాడి పదో వంతు, ఇరవై ఎనిమిదో రోజు దాకా. ఆ రోజు ఇద్దరూ కలిసి బకెట్ నీళ్ళు కుమ్మరించి, తాళంచెవితో గీసి, మడమతో తట్టి చూడండి. బాగుంటే అక్కడే ఇచ్చెయ్యండి.

ఇళ్ళవాళ్ళనూ ఊరికే వదలను. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని, అంతకు నాలుగు రోజుల ముందు వాకిలి పోయించి, మరునాడే దాని మీద వంటవాళ్ళ గాడిపొయ్యిలు, టెంటు గుంజలు దింపేవాళ్ళే ఎక్కువ. లగ్నం ఎంత గట్టిదైనా కాంక్రీటు గట్టిపడదు. చదరపు అడుగు దగ్గర రూపాయి రూపాయి గీచి బేరమాడి, అదే రోజు భోజనాల్లో రెండో స్వీటుకు లెక్కచూడకుండా ఇచ్చేది కూడా వాళ్ళే. "ఆ రేటుకు అంతే వస్తుందండీ" అని మేస్త్రి గొణిగేది అందుకే. నాకు అతని మీద కోపమే గానీ, ఆ గొణుగుడులో నిజముంది.

చెడిపోయాక ఏం చేయాలి? సర్దుకుపోదాం అనేది మన వైపు మొదటి సలహా. ఎందుకంటే మేస్త్రి బాబాయి వరస, లేదా మన పాలేరు బావమరిది, లేదా రేపు ప్రహరీకి మళ్ళీ అతనే రావాలి. నేనొప్పుకోను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. ఇళ్ళ నిర్మాణం కూడా సేవేనని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో అభివృద్ధి సంస్థ కేసులో తేల్చింది. 2012లో హైదరాబాదుకు చెందిన నార్నే కన్‌స్ట్రక్షన్ కేసులో అభివృద్ధి చేసిన ప్లాట్ల అమ్మకానికీ అదే వర్తిస్తుందంది. మెలిక ఒక్కటే. రోజుకూలీకి మనిషిని పెట్టుకుని మన కనుసన్నల్లో చేయించుకుంటే అది వ్యక్తిగత సేవ అంటారు, చట్టం పరిధిలోకి రాదు. అడుగు లెక్కన గుత్తకిస్తే వస్తుంది. పనికి మనమిచ్చింది అయిదు లక్షల లోపైతే జిల్లా కమిషన్లో ఫీజు లేదు. రెండేళ్ళలోపు వెళ్ళాలి. ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు. ముందు సలహా కావాలంటే 1915కు ఫోన్ చేయొచ్చు. కాగితం లేదంటారా? నోటుబుక్కులో ఒక పేజీ చాలు. మందం ఎంత, పాళ్ళు ఏమిటి, గాళ్ళు ఎక్కడ, వాటం ఎటు, నీళ్ళు ఎవరు పట్టాలి, చివరి వాయిదా ఎప్పుడు. కింద ఇద్దరి సంతకాలు. మిగతా సాక్ష్యం ఫోన్‌పేలో తేదీతో సహా ఉండనే ఉంటుంది.

ఇంతా చేసి, వాటం సరిగ్గా పెట్టించుకుని, బంగారం లాంటి వాకిలి వేయించుకున్నారనుకోండి. ఆ మరుసటి ఏడు మీ వీధిలోకి కొత్త సీసీ రోడ్డు వస్తుంది. పాత రోడ్డును తవ్వరు, గీకరు, దాని నెత్తినే ఇంకో ఆరంగుళాలు పోస్తారు. అంతటితో మీ వాటం తలకిందులు. వీధిలో పడ్డ వాన మీ పోర్టికో చూసి పోతుంది. తెనాలి పాతవీధుల్లో ఒకప్పుడు మెట్లెక్కి వెళ్ళిన ఇళ్ళలోకి ఇప్పుడు దిగి వెళ్తున్నాం. తమిళనాడులో 2021లో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి స్వయంగా ఆదేశాలిచ్చారు, పాత పొర గీకి తీశాకే కొత్తది వేయాలి, ఇళ్ళు రోడ్డు కంటే పల్లంలోకి పోకూడదని. మనకూ అలాంటి ఉత్తరువొకటి కావాలి. 2024 అక్టోబరులో పల్లె పండుగ పేరుతో ఉపాధి హామీ నిధులతో ఊరూరా సీసీ రోడ్లు మొదలుపెట్టారు, సంతోషం. గుంతలు పూడుస్తామన్నారు, అదీ సంతోషమే. ఆ రోడ్డు మట్టం ఎంతుండాలో గడపలను చూసి నిర్ణయించమనండి, ఇంకా సంతోషిస్తాం. లేకపోతే మెరక తోలుకోవడం, వాకిలి పగలగొట్టి మళ్ళీ పోయించుకోవడం మన బతుకులో అయిదేళ్ళకో పండుగవుతుంది. దానికయ్యే ఖర్చు ఏ అంచనా పుస్తకంలోనూ ఎక్కదు.

మున్సిపాలిటీ సంగతి మన చేతిలో లేదు గానీ మేస్త్రి సంగతి ఉంది. పని మాట్లాడుకునే రోజునే చెప్పెయ్యండి, పదో వంతు ఇరవై ఎనిమిదో రోజున ఇస్తామని. సరేనన్నవాడికి పనివ్వండి, రేటు మరీ గీచొద్దు. కుదరదన్నవాడికి మంచినీళ్ళిచ్చి పంపండి. తన కాంక్రీటు నెలరోజులు నిలుస్తుందని తనకే నమ్మకం లేదని అతను ముందే చెప్పేశాడు, ఒక్క బస్తా సిమెంటు కూడా ఖర్చు కాకముందే.