కాటా చెప్పని అంకెలు

లెక్కల యంత్రం చేతికి వచ్చాక బిల్లులపై దశాంశ స్థానాలకు కొదవ లేదు. అయితే ఆ అంకెలన్నీ కాటా చెప్పినవేనా అన్నది జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వర్తకులు ఆలోచించదగిన విషయం.

గండికోట చుట్టుపట్ల పల్లెల నుంచి 200 బస్తాల శనగతో ఒక లారీ వచ్చిందనుకుంటే, వేబ్రిడ్జిపై లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచగా నికరం 8,430 కిలోలు తేలుతుంది. చీటీలో బస్తా సరాసరి 42.150 అని పడుతుంది. కాటా విభజన 10 కిలోలైతే, అది ఎంత నిఖార్సయినదైనా ఒక్కో తూకంలో 5 కిలోలు అటో ఇటో పోతాయి. రెండు తూకాలకు కలిపి 10 కిలోలు, అంటే బస్తాకు 50 గ్రాములు. అసలు సరాసరి 42.10 నుంచి 42.20 లోపు ఎక్కడైనా ఉండవచ్చు. అలాంటప్పుడు 20 గ్రాముల తరుగు కోసం రైతూ కొనుగోలుదారూ జగడమాడడం వట్టి దండుగ. 8,430లోని చివరి సున్నా తూకంలో తేలినది కాదు, స్థానం నింపడానికి వచ్చినది. అదే సరుకును కిలో విభజన గల కాటాపై ఒక్కసారిగా తూస్తే ఆ సున్నాకు విలువ ఉంటుంది.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో సంగతి ఇంకా సున్నితం. 22 క్యారెట్లంటే 24లో 22 భాగాలు. 24లో మూడు ఇమిడి ఉంది, వెయ్యిలో లేదు. అందుకే భాగహారం తెగక 916.666... అని సాగిపోతుంది. ముద్రపై 916 మాత్రమే ఉంటుంది. కిలోకు తేడా 0.67 గ్రాము. 18 క్యారెట్లలో ఆ మూడు కొట్టివేయబడి సరిగ్గా 750 వస్తుంది. 14 క్యారెట్లకు లెక్క ప్రకారం 583.33 రావాలి, ముద్ర మాత్రం 585. ఒకచోట కిందికి, ఒకచోట పైకి. తొందరలో 22 క్యారెట్లకు 0.92 వేసే గుమాస్తా కిలోకు 3.33 గ్రాముల మేలిమి లేనిది ఉన్నట్లు చూపుతాడు.

తులం మాటా అంతే. పాత తులం 11.6638 గ్రాములు, నేటి బేరాల్లో తులమంటే 10 గ్రాములే. ఏ తులమో రాయని చీటీకి ఎన్ని దశాంశాలుంటే ఏం లాభం?

ముందే కుదించి, తర్వాత కూడితే ఏమవుతుందో 1957లో నయాపైసలు వచ్చినప్పుడే బజారు చూసింది. పట్టిక ప్రకారం అణాకు 6 నయాపైసలు, మూడణాలకు 19. అణా చొప్పున మూడుసార్లు ఇచ్చినవాడికి 18తోనే సరిపోయింది! అది నయాపైస తేడా. బంగారంలో పది తూకాలను విడివిడిగా కుదించి కూడితే ఆ తేడా రూపాయల్లోకి పోతుంది.

కుదింపు చివరి మొత్తం వద్ద ఒక్కసారే జరగాలి. చీటీపై తూకం పక్కన కాటా విభజన ఎంతో, తులమంటే ఎన్ని గ్రాములో కూడా రాయాలి. ఇందుకు కొత్త చట్టమేమీ అక్కరలేదు. చీటీ పుస్తకం అచ్చువేయించేటప్పుడు ఇంకో గడి పెట్టించుకుంటే చాలు.